గేటు నుంచి మెట్ల దాకా డాంబర్ దారి: హైదరాబాద్‌లో కాంట్రాక్టర్‌ను చూసి, పని అప్పగించి, చేయించుకునే విధానం

మా అమ్మావాళ్ళ ఇల్లు శంకర్‌పల్లి వైపు. గేటు నుంచి ఇంటి మెట్ల దాకా 150 అడుగుల దారి, వెడల్పు 12 అడుగులు. లెక్కకు సరిగ్గా 200 గజాలు. మొదటిసారి ఆ దారికి డాంబర్ వేయించినప్పుడు ఉదయం పదింటికి టిప్పర్ వచ్చింది, మధ్యాహ్నం రెండింటికి పని అయిపోయింది, సాయంత్రానికి మిగతా డబ్బు కూడా ఇచ్చేశాం. నల్లగా నిగనిగలాడుతున్న దారి మీద ఇంటిల్లిపాదీ నిలబడి ఫొటోలు తీసుకున్నాం. ఆ ఏడు ఆగస్టుకల్లా అంచులు విరిగాయి, మధ్యలో మొసలి వీపులా పగుళ్ళు లేచాయి, రెండుచోట్ల గుంతలు పడి నీళ్ళు నిలిచాయి. ఫోన్ చేస్తే కాంట్రాక్టర్, "మీ నేల మంచిది కాదు సార్" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ పని మొదలుకాకముందే ఆ మాట చెప్పాల్సింది ఆయనే.

మూడేళ్ళ తర్వాత అదే దారి మొత్తం తవ్వించి, ఇంకొకరితో మళ్ళీ వేయించాం. మధ్యలో నేను తెలిసిన ఇంజినీర్లను అడిగాను, కంకరనూ డాంబర్‌నూ వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంటుకు వెళ్ళి చూశాను, నాలుగు కాలనీల రోడ్లు తిరిగాను. ఆ తిరుగుడులో నాకు బాగా అర్థమైనది ఒకటే. డాంబర్ పనిలో మోసమైనా లోపమైనా పైకి కనిపించదు. కింద మట్టిలో ఉంటుంది, మందంలో ఉంటుంది, వేడిలో ఉంటుంది. ఈ మూడూ కొలవడానికి వీలైనవే. కాబట్టి మిమ్మల్ని కొలవనిచ్చే కాంట్రాక్టర్‌ను వెతకాలి. కింద రాసినదంతా ఆ వెతుకులాటకు పనికొచ్చే దారి.

పేర్ల గురించి ఒక మాట. మనం డాంబర్ అంటాం, కోస్తాలో తారు అంటారు, కాంట్రాక్టర్ కాగితాల్లో బీటీ అని ఉంటుంది. మూడూ ఒకే పనికి వాడే మాటలు. అసలు తారు బొగ్గు నుంచి వచ్చేది. ఇప్పుడు రోడ్లకు వాడేది ముడిచమురు శుద్ధిచేశాక మిగిలే బిటుమెన్.

ముందు తేల్చుకోవాల్సింది: మీకు డాంబరే కావాలా?

ఇంటి ముందు పదిహేను అడుగుల పార్కింగ్ జాగా అయితే డాంబర్ వద్దు. రోలర్ తిరగడానికి చోటుండదు, అర టిప్పర్ మాలు కూడా పట్టదు, ప్లాంటువాళ్ళు అంత చిన్న లోడు కోసం మిషన్ నడపరు. అలాంటిచోట షాబాద్ బండలో, పేవర్ బ్లాకులో, సీసీయో (సిమెంటు కాంక్రీటు) వేసుకోండి. ఫామ్‌హౌస్ లోపలి దారి, విల్లాల మధ్య రోడ్డు, స్కూలు ఆవరణ, ఫంక్షన్ హాలు ముందు జాగా లాంటి పొడవైన, వెడల్పైన చోట్లకు డాంబర్ బాగా కుదురుతుంది. నన్నడిగితే 150 గజాల లోపు పని ఒంటరిగా చేయించకండి. పక్కింటివాళ్ళనో ఎదురింటివాళ్ళనో కలుపుకుంటే ఒకే రోజు, ఒకే టిప్పర్, ఒకే రోలర్‌తో పని అవుతుంది, గజం రేటు దిగుతుంది.

మన ఎండలను కూడా గుర్తుపెట్టుకోండి. మే నెల మధ్యాహ్నం బండికి సైడ్ స్టాండ్ వేస్తే డాంబర్‌లోకి దిగబడుతుంది. పాత కారు కింద ఇంజిన్ ఆయిల్, డీజిల్ కారుతుంటే అక్కడ బిటుమెన్ కరిగి కంకర ఊడిపోతుంది. బండ్లు నిలిపే మూల ఒక్కటి సీసీతో చేయించి, నడిచే దారి మాత్రం డాంబర్‌తో వేయించుకోవడం మంచి ఏర్పాటు. మేం రెండోసారి అదే చేశాం.

కాంట్రాక్టర్‌ను పిలవకముందు మీరే చేయాల్సిన పని

ఒక గడ్డపార, ఒక టేపు, ఒక బకెట్ నీళ్ళు చాలు. దారి పొడవునా రెండు మూడు చోట్ల రెండడుగుల లోతు గుంత తవ్వించండి. ఎర్రటి గట్టి మొరం కనిపిస్తే మీ అదృష్టం. నల్లరేగడి కనిపిస్తే జాగ్రత్త పడాలి. శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు చాలాచోట్ల ఈ నేలే. వానాకాలం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, ఏప్రిల్ వచ్చేసరికి వేలు దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన డాంబర్ పోసినా కింద నేల కదిలినప్పుడల్లా పైన పగులుతుంది. కనీసం అడుగు లోతు రేగడి తీసేసి, మొరం తెచ్చి, 15 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, నీళ్ళు చల్లి, ఒక్కో పొరకూ రోలింగ్ చేయించాలి. మా మొదటి కాంట్రాక్టర్ చేయనిది ఈ పనే. ఆయన రేగడి మీద రెండు ట్రాక్టర్ల కంకర చల్లి, దాని మీదే డాంబర్ వేశాడు.

తర్వాత నీళ్ళు. వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని దారి మీద నిలబడి, నీళ్ళు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూడండి. వానాకాలం కాకపోతే ట్యాంకర్ నీళ్ళు వదిలి చూడండి. దీనికి ఇంత పట్టింపు ఎందుకంటే, హైదరాబాద్ చుట్టుపక్కల క్వారీల నుంచి మనకొచ్చే కంకర గ్రానైటు. అందులో సిలికా ఎక్కువ. సిలికా ఎక్కువున్న రాయి బిటుమెన్ కన్నా నీటినే గట్టిగా పట్టుకుంటుంది. నీళ్ళు నిలిచినచోట రాయికి అంటిన డాంబర్ మెల్లగా వదిలేసి, కంకర గులకరాళ్ళలా విడిపోతుంది. అందుకే డాంబర్ దారికి వాటం, అంటే ఏటవాలు, ప్రాణం. వెడల్పులో మీటరుకు 2 సెంటీమీటర్ల వాటం ఉండాలి. 12 అడుగుల వెడల్పుకు ఒక అంచు కన్నా ఇంకో అంచు ఏడు సెంటీమీటర్లు దిగువన ఉంటే సరిపోతుంది. ఆ దిగువ అంచున చిన్న కాలువ తీసి, చివర ఇంకుడు గుంతలోకి కలపండి. నీళ్ళు మీ నేలలోకే ఇంకుతాయి, పక్కింటివాళ్ళతో తగాదా ఉండదు.

భూమిలోపల పోవాల్సినవన్నీ ఇప్పుడే పోవాలి. బోరు పైపు, మంచినీళ్ళ లైను, కరెంటు కేబుల్, గేటు దగ్గర కెమెరా వైరు. ఇవి కాక, దారికి అడ్డంగా రెండుచోట్ల నాలుగంగుళాల పీవీసీ పైపులు ఖాళీగా పూడ్చి, రెండు కొసలూ మూతలతో మూసి ఉంచండి. ఐదేళ్ళ తర్వాత కొత్త వైరు లాగాల్సి వస్తే దారి తవ్వే బాధ తప్పుతుంది.

మీ హద్దు గేటు దగ్గరే అయిపోతుంది. గేటు బయట రోడ్డు మీదికి ర్యాంపు పొడిగించడం, రోడ్డు పక్క కాలువను పూడ్చడం మీ చేతిలో లేని పని. జీహెచ్ఎంసీ గానీ మీ మున్సిపాలిటీ గానీ దాన్ని ఆక్రమణగా చూసి కొట్టేయవచ్చు. పబ్లిక్ రోడ్డును ముట్టాలంటే వాళ్ళ అనుమతి కాగితం చేతిలో ఉండాలి.

ఒక పేజీ పని వివరం రాసుకోండి

ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిస్తే ముగ్గురూ మూడు వేర్వేరు పనులకు రేట్లు చెబుతారు. వాటిని పోల్చలేం. కాబట్టి ఏ పని కావాలో మీరే ఒక కాగితం మీద రాసి, అందరికీ అదే ఇవ్వాలి.

రాసేముందు ఆ దారిలో ఏ బండి వస్తుందో ఆలోచించండి. ఇంట్లో కార్లే కదా అనుకుంటాం. ఎండాకాలం నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. 5,000 లీటర్ల ట్యాంకర్‌లో నీళ్ళ బరువే ఐదు టన్నులు, దానికి బండి బరువు అదనం. 10,000 లీటర్లదైతే నీళ్ళే పది టన్నులు. మన ఊళ్ళో డాంబర్ దారిని ఆ ట్యాంకర్‌ను దృష్టిలో పెట్టుకునే వేయించాలి.

కింది నుంచి పైకి వరుస ఇలా ఉంటుంది. గట్టిపరిచిన నేల లేదా మొరం. దాని మీద జీఎస్‌బీ, అంటే మట్టి తక్కువగా ఉండే పెద్ద కంకర మిశ్రమం, 150 మిల్లీమీటర్లు. గట్టి ఎర్రమొరం నేల అయితే దీన్ని తగ్గించుకోవచ్చు. దాని మీద వెట్‌మిక్స్, 150 మిల్లీమీటర్లు. ఇది కొలత ప్రకారం కలిపిన కంకర, డస్ట్ (రాతిపొడి), నీళ్ళ మిశ్రమం, ప్లాంటు నుంచే వస్తుంది. దాని మీద ప్రైమ్ కోట్, అంటే కంకర పొరకు డాంబర్ పట్టేలా చల్లే పల్చటి బిటుమెన్ ద్రవం. చివరన బీసీ అనే డాంబర్ పొర, 40 మిల్లీమీటర్లు. పెద్ద ట్యాంకర్లు, ఇసుక లారీలు తరచూ వచ్చేచోట బీసీ కింద డీబీఎం అనే ఇంకో డాంబర్ పొర 50 మిల్లీమీటర్లు వేయించాలి. రెండు డాంబర్ పొరల మధ్య, అవి ఒకదానికొకటి అతుక్కునేలా, పల్చగా టాక్ కోట్ అనే బిటుమెన్ పూత చల్లాలి.

మందం దగ్గర ఒక మాట తప్పకుండా రాయించండి: "రోలింగ్ అయ్యాక 40 మిల్లీమీటర్లు". నోటిమాటగా "రెండించులు వేస్తాం సార్" అంటే పరిచినప్పటి రెండించులు. రోలర్ తిరిగాక అది ఒకటిన్నరకు దిగుతుంది. 40 కావాలంటే పరిచేటప్పుడు దాదాపు 50 ఉండాలి.

బిటుమెన్ రకం కూడా రాయండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 73 ప్రకారం ఇప్పుడు వీజీ-10, వీజీ-30, వీజీ-40 లాంటి గ్రేడ్లు దొరుకుతాయి. 60 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందన్నదాన్ని బట్టి ఈ అంకెలు పెట్టారు. ఇంటి దారికి వీజీ-30 సరిపోతుంది. పాతతరం మేస్త్రీలు ఇప్పటికీ "60/70 మాలు" అంటుంటారు. దాని స్థానంలో వచ్చినదే వీజీ-30.

అంచులు మరిచిపోకండి. డాంబర్‌కు పక్కల ఆసరా లేకపోతే మొదట విరిగేది అంచే. రెండువైపులా కర్బ్ రాళ్ళు గానీ, సిమెంటు బెడ్డు గానీ డాంబర్ కన్నా ముందే పడాలి. దిగువ వైపు కర్బ్‌లో నీళ్ళు బయటికి పోయే సందులు ఉంచాలి.

ఎక్కడ వెతకాలి

ఫోన్‌లో వెతికితే పేర్లు చాలా వస్తాయి. ఆ పేర్లలో చాలామంది పని తెచ్చి ఇంకొకరికి అప్పగించే మధ్యవర్తులు. నేను ఎక్కువ నమ్మే దారులు రెండు. ఒకటి, ఈమధ్య లోపలి రోడ్లు వేయించుకున్న గేటెడ్ కమ్యూనిటీ కార్యదర్శుల్ని అడగడం. వాళ్ళు డబ్బు కట్టి, వానాకాలం చూసి, గొడవ పడి ఉంటారు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు. రెండు, ఊరి చుట్టూ ఓఆర్ఆర్ దాటి ఉన్న హాట్‌మిక్స్ ప్లాంటుకు నేరుగా వెళ్ళి, "చిన్న లోడ్లు క్రమం తప్పకుండా ఎవరు తీసుకెళ్తారు?" అని అడగడం. ఇంటి పనులు రోజూ చేసేది ఎవరో ప్లాంటు మేనేజర్‌కు తెలుసు.

ఒకరిని మాత్రం గేటు దగ్గరి నుంచే పంపించేయండి. పక్క వీధిలో రోడ్డు పని జరుగుతోందనీ, కొంచెం మాలు మిగిలిందనీ, సగం రేటుకే మీ దారికి వేసి పోతామనీ వచ్చే మనిషిని. ఆ మాలు అప్పటికే చల్లారి ఉంటుంది, కింద ఏ ఏర్పాటూ ఉండదు, రేపు ఫోన్ ఎత్తడు. పైగా అది ప్రభుత్వ పనికి ప్రజల డబ్బుతో కొన్న మాలైతే, దాన్ని మనం కొనడమే తప్పు.

మనిషిని అంచనా వేయడం

కాంట్రాక్టర్ మొదటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు మీరు అడిగే ప్రశ్నల కన్నా ఆయన అడిగే ప్రశ్నలు వినండి. "ఎన్ని గజాలు సార్?" అని అడిగి, నిలబడినచోటే రేటు చెప్పేవాడు ఒక రకం. "నీళ్ళు ఎటు పోతాయి? ట్యాంకర్ వస్తదా? కింద మట్టి ఏంది, ఓసారి తవ్వి చూద్దామా?" అనేవాడు ఇంకో రకం. మా రెండో కాంట్రాక్టర్ వచ్చీరాగానే నేను తవ్వించిన గుంతలోకి దిగి, మట్టి పిడికిట్లో పిసికి, "ఇది తీసేయకుంటే నేను పని ఒప్పుకోను సార్" అన్నాడు. ఆ మాటకు మా అంచనా పెరిగింది. అయినా ఆయనకే ఇచ్చాం.

అడగాల్సినవి కూడా ఉన్నాయి. మాలు ఏ ప్లాంటు నుంచి వస్తుంది, అక్కడి నుంచి మీ ఇంటికి ఎంతసేపు పడుతుంది? నగరం లోపల పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి, టిప్పర్‌ను ఏ వేళకు తెస్తారు? పరిచేది పేవర్ మిషన్‌తోనా, మనుషులతోనా? ఏ బరువు రోలర్? పేవర్, రోలర్ అద్దెకు తెచ్చినవైనా ఇబ్బంది లేదు, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ రోజు నిలబడి పని చేయించే సూపర్‌వైజర్ ఎవరో ముందే తెలియాలి. ఇంటి దగ్గరే డ్రమ్ము పెట్టి, కట్టెలతో కాచి, చేత్తో కలిపి వేస్తామంటే వద్దనండి. అలా కాచినప్పుడు వేడి అదుపులో ఉండదు, ఎక్కువ కాగిన బిటుమెన్ పెళుసెక్కుతుంది.

కాగితాల్లో జీఎస్టీ నంబరు చూడండి. తెలంగాణలో నమోదైనదైతే 36తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో, ఇంకా నడుస్తోందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ప్రభుత్వ శాఖల దగ్గర కాంట్రాక్టర్‌గా నమోదైనవాళ్ళకు ఒక క్లాసు ఉంటుంది. ఇంటి పనికి అది తప్పనిసరి కాదు. ఉంటే ఆ పని తెలిసిన మనిషని ఒక ఆధారం.

చేసిన పనులు చూపించమని అడిగినప్పుడు పోయిన వారం వేసినది చూపిస్తే వద్దనండి. కొత్త డాంబర్ ఎవరు వేసినా బాగుంటుంది. కనీసం ఒక వానాకాలం దాటినది చూడాలి, వీలైతే వాన వెలిసిన మర్నాడే వెళ్ళాలి. అంచులు చూడండి, గేటు దగ్గర పాత సిమెంటుతో కలిసే అతుకు చూడండి, నీళ్ళు నిలిచిన మరకలు చూడండి. ఆ ఇంటివాళ్ళను ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "పని అయ్యాక పిలిస్తే వచ్చాడా?"

కొటేషన్ చదవడం, టన్నుల లెక్క

ఈ భాగం కొంచెం లెక్క, కానీ మొత్తం వ్యవహారంలో మీ డబ్బును కాపాడేది ఇదే. రోలింగ్ అయిన డాంబర్ ఘనపు మీటరుకు దాదాపు 2.3 టన్నులు తూగుతుంది. ఒక గజం జాగాలో 40 మిల్లీమీటర్ల మందానికి సుమారు 77 కిలోల మాలు కావాలి. మా 200 గజాలకు పదిహేనున్నర టన్నులు. అంటే పది టైర్ల టిప్పర్ దాదాపు నిండుగా రావాలి. మొదటిసారి మాకు వచ్చింది ఆరు టైర్ల చిన్న టిప్పర్ ఒక్కటే. అందులో పది టన్నులు ఉన్నాయనుకున్నా, 200 గజాలకు పరిస్తే 26 మిల్లీమీటర్లే అవుతుంది. ఆ రోజు నాకు ఈ లెక్క తెలిసుంటే టిప్పర్‌ను గేటు దగ్గరే ఆపేవాణ్ణి.

కాబట్టి కొటేషన్‌లో గజం రేటుతో పాటు ఎన్ని టన్నుల మాలు దించుతారో రాయించండి. ప్లాంటు చలానా, కాంటా చీటీ ఇవ్వాలని రాయించండి. ఈ రెండు మాటలకు ఒప్పుకోనివాడితో ఇంక మాటలు అనవసరం.

పని కాంట్రాక్టుల మీద జీఎస్టీ 18 శాతం. చెప్పిన రేటు దాంతో కలిపా, విడిగానా అన్నది కాగితం మీద ఉండాలి. బిటుమెన్ ధరను చమురు కంపెనీలు పక్షానికోసారి, సాధారణంగా ఒకటో తేదీన, పదహారో తేదీన సవరిస్తుంటాయి. అందుకే కొటేషన్ ఎన్నాళ్ళు చెల్లుతుందో అడగండి. నెలల తరబడి అదే రేటు ఉంచమనడం న్యాయం కాదు. పని రోజున వచ్చి "రేటు పెరిగింది" అనడమూ న్యాయం కాదు.

మూడు కొటేషన్లలో ఒకటి మిగతా రెండింటి కన్నా బాగా తక్కువగా ఉంటే, తగ్గింది ఎక్కడో వెతకండి. చాలాసార్లు వెట్‌మిక్స్ బదులు డస్ట్ కలిపిన కంకర రాసి ఉంటుంది, లేదా ప్రైమ్ కోట్ మాటే ఉండదు.

అగ్రిమెంటు, డబ్బు

స్టాంపు పేపర్ మీద రెండు పేజీలు చాలు. మీ పని వివరం కాగితాన్ని దానికి జతచేసి, ఇద్దరూ ప్రతి పేజీ మీద సంతకం చేయండి. ఏ తేదీకి మొదలు, ఏ తేదీకి పూర్తి, వాన పడితే ఏం చేయాలి, తవ్విన మట్టి ఎవరు ఎక్కడ పోయాలి, పక్క గోడకో పైపుకో దెబ్బ తగిలితే ఎవరు బాగుచేయాలి, ఇవన్నీ ఉండాలి. 150 డిగ్రీల మాలుతో చేసే పని ఇది, కాలితే ఘోరంగా కాలుతుంది. కూలీలకు బూట్లు, చేతి తొడుగులు ఇవ్వడం, ఏదైనా జరిగితే వైద్యం, నష్టపరిహారం కాంట్రాక్టర్ బాధ్యతని రాయించండి. ఇన్సూరెన్స్ ఉందేమో అడగండి. పని రోజున ఉత్త కాళ్ళతో వచ్చిన కూలీ కనిపిస్తే పని ఆపించండి. అది కాగితం కోసం కాదు, ఆ మనిషి కోసం.

డబ్బు దశలవారీగా ఇవ్వండి. మా రెండో పనికి ఇలా పెట్టుకున్నాం: పని మొదలవగానే 15 శాతం, వెట్‌మిక్స్ రోలింగ్ అయ్యాక 35, డాంబర్ పడి నీళ్ళ పరీక్ష అయ్యాక 40, మిగతా 10 వానాకాలం దాటాక. సగం డబ్బు బయానా అడిగేవాళ్ళుంటారు. ప్లాంటులో మాలుకు ముందే కట్టాలన్నది నిజమే. అలాంటప్పుడు మాలు డబ్బు మీరే నేరుగా ప్లాంటు ఖాతాకు పంపవచ్చు. ఏ డబ్బయినా బిల్లు మీదున్న పేరు ఖాతాకే పంపండి.

పని జరిగే రోజులు

నవంబరు నుంచి మే దాకా మంచి కాలం. జూన్‌లో వానలు దిగాక, తడినేల మీద డాంబర్ వేయించకండి. కాంట్రాక్టర్ తొందరపెట్టినా సరే, గృహప్రవేశం తేదీ దగ్గరపడినా సరే.

కింది పొరల రోజు మీరు ఇంట్లో ఉండండి. వెట్‌మిక్స్ రోలింగ్ అయ్యాక, కంకర దించి వెళ్ళే లోడు టిప్పర్‌నే దాని మీద మెల్లగా నడిపించమనండి. చక్రం కింద నేల అణిగి లేస్తుంటే లోపల మెత్తగా ఉన్నట్టు. అక్కడ తవ్వి మళ్ళీ నింపాలి. నీళ్ళ పైపుతోనో లెవల్ మిషన్‌తోనో వాటం ఇక్కడే సరిచూసుకోండి. డాంబర్ పొరతో వాటం సర్దుతామంటే ఒప్పుకోకండి, ఒకచోట మందం పెరిగి ఇంకోచోట పల్చబడుతుంది.

ప్రైమ్ కోట్‌కు వాడేది ఎస్ఎస్-1 ఎమల్షన్, అంటే నీళ్ళలో కలిపిన బిటుమెన్. చల్లినప్పుడు చిక్కటి చాయ్ రంగులో ఉండి, నీరు విడిచాక నల్లబడుతుంది. చదరపు మీటరుకు 700 గ్రాముల నుంచి కిలో దాకా పడాలి. మా దారికి లెక్కేస్తే 120 నుంచి 165 కిలోలు. రెండు బకెట్లలో తెచ్చి చీపురుతో చల్లి వెళ్తుంటే ఆపండి. చల్లాక ఒక రోజు ఆరనివ్వాలి. ఆ రోజు దాని మీద ఎవరూ బండి తిప్పకుండా గేటుకు తాళం వేయండి.

డాంబర్ రోజు మీ చేతిలో రెండు వస్తువులు ఉండాలి. ఒక థర్మామీటర్, ఒక ఇనుప చువ్వ. మాలు లోపలికి గుచ్చే డయల్ థర్మామీటర్ మంచిది, తుపాకీలా చూపించేది పైపై వేడినే చెబుతుంది. వీజీ-30 మాలు ప్లాంటు నుంచి 150 నుంచి 165 డిగ్రీల వేడితో బయల్దేరుతుంది. పరిచేటప్పుడు 140కి తగ్గకూడదు. రోలింగ్ 90 డిగ్రీలకు దిగకముందే అయిపోవాలి. టిప్పర్ మీద టార్పాలిన్ కప్పి ఉందా అన్నది మొదట చూడాల్సిన విషయం. మాలు నుంచి నీలం పొగ లేస్తుంటే ఎక్కువ కాగినట్టు. కంకర మీద డాంబర్ పట్టక బూడిదరంగు రాళ్ళు కనిపిస్తే, లేదా మాలు గడ్డలు గడ్డలుగా జారితే చల్లారినట్టు లేదా బిటుమెన్ తగ్గించినట్టు. అలాంటి లోడును వెనక్కి పంపే హక్కు మీకుందని అగ్రిమెంటులోనే రాసి ఉంచండి. పంపడానికి మొహమాటపడకండి.

ఇనుప చువ్వ మీద 50 మిల్లీమీటర్ల దగ్గర గీత గీసి, పేవర్ వెనకే నడుస్తూ ప్రతి పదడుగులకు ఒకచోట గుచ్చి చూడండి. అంచుల దగ్గర ఎక్కువసార్లు చూడండి, తగ్గేది అక్కడే. నేను ఇలా గుచ్చుతుంటే రెండో కాంట్రాక్టర్ నొచ్చుకోలేదు. సూపర్‌వైజర్‌ను పిలిచి, "సార్ చూస్తున్నడు, నువ్వు కూడా చూడు" అన్నాడు.

రోలర్ దిగువ అంచు నుంచి మొదలై పైవైపు జరుగుతూ పోవాలి. చక్రానికి మాలు అంటకుండా నీళ్ళు చల్లాలి. కొందరు డీజిల్ పూస్తారు. డీజిల్ బిటుమెన్‌ను కరిగిస్తుంది, అప్పుడే వేసిన పొరకు అదే మొదటి దెబ్బ. వేడి డాంబర్ మీద రోలర్‌ను నిలిపి చాయ్‌కి పోనివ్వకండి, గుంత పడుతుంది. రోలర్ అందని మూలల్లో, కర్బ్ పక్కన దిమ్మిసతోనో ప్లేట్ కాంపాక్టర్‌తోనో కొట్టించండి.

అన్నీ అయ్యాక చలానాలు, కాంటా చీటీలు తీసుకుని టన్నులు కూడండి. లెక్క కుదరకపోతే అక్కడే, అప్పుడే మాట్లాడండి.

తర్వాతి రోజులు

ఒక రోజంతా బండ్లు వద్దు. మే నెలైతే రెండు మూడు రోజులు ఆగండి. మర్నాడు ఉదయం ఎండ ఎక్కకముందు పైపుతో దారంతా తడిపి, అరగంట తర్వాత చూడండి. నీళ్ళు నిలిచినచోట సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీసి కాంట్రాక్టర్‌కు పంపండి. మూడో విడత డబ్బు ఆ గీతలు సరిచేశాకే.

మొదటి ఎండాకాలం ఆగినచోటే స్టీరింగ్ తిప్పవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి, చక్రం కింద పొర మెలి తిరిగి చిరుగుతుంది. బండి స్టాండ్ కింద ఒక చెక్కముక్క పెట్టండి.

పిలిచినా రాకపోతే ముందు రాతపూర్వకంగా నోటీసు పంపండి, ఫొటోలు తేదీలతో దాచండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా ఉన్న వివాదాలు అక్కడే వింటారు, ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు ఫిర్యాదు పడాలి. అగ్రిమెంటు, కాంటా చీటీలు, బ్యాంకు రసీదులు ఒకే ఫైల్లో ఉంటే లాయరు లేకుండా మీరే చెప్పుకోవచ్చు.

అక్టోబరు ఆఖరులో, వానలు తగ్గాక, కాంట్రాక్టర్‌ను పిలిచి ఇద్దరూ కలిసి దారంతా నడవండి. మా దారిలో ఆ రోజు రెండు లోపాలు దొరికాయి. గేటు దగ్గర సిమెంటుతో కలిసేచోట సన్నటి సందు పడింది, దిగువ అంచున ఒకచోట కంకర లేచింది. సందులో ఎమల్షన్ పోయించాడు. కంకర లేచినచోట నలుచదరంగా కోయించి, అంచులకు టాక్ కోట్ పూసి, వేడి మాలు తెచ్చి నింపాడు. మర్నాడు మిగిలిన 10 శాతం ఆయన ఖాతాకు పంపి, రసీదు తీసుకుని ఫైల్లో పెట్టాను.